రెండు గీతల అర్థం

(నల్లగొండలో జరిగిన ముస్లిం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

డిగ్రీ తర్వాత ఏం చదవాలో చెప్పమని నన్ను పిలిచారు. అన్ని చదువుల గురించీ చెప్పడం నాకు చేతకాదు. నేను చదివిన ఒక్క చదువు గురించే చెబుతాను. మనుషులకు వచ్చే వ్యాధుల వెనుక జన్యువుల పాత్ర ఏమిటో తెలుసుకునే శాస్త్రం అది. మన ఇళ్లలో చాలామంది ఆ పేరు కూడా విని ఉండరు. కానీ ఆ శాస్త్రం మన ఇళ్ల గురించి చాలాకాలంగా మాట్లాడుతూనే ఉంది. మన గురించి సాగుతున్న ఆ మాటలో మన గొంతు లేదన్నదే ఈరోజు నా ఆవేదన.

నేను పాలమూరు బిడ్డను. ఉస్మానియాలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉండగా మా అధ్యాపకులు ఒక పని అప్పగించారు. ఎవరి కుటుంబ వంశపటం వారు గీసుకుని రావాలి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. జబ్బు ఉన్నవారి గుర్తును నలుపుతో నింపాలి. భార్యాభర్తలను ఒక అడ్డగీతతో కలపాలి. వారు ముందే రక్తసంబంధీకులైతే ఒక గీత కాదు, రెండు గీతలు గీయాలి. నేను గీసుకుంటూ పోయాను. దాదా, దాదీల మధ్య రెండు గీతలు. పెద్ద ఫూఫీ ఇంట రెండు గీతలు. మా ఖాలా కూతురి ఇంట రెండు గీతలు, వాటి కింద నలుపు నింపిన ఒక చిన్న వృత్తం. ఆ పటాన్ని తరగతిలో చూపించడానికి నాకు సిగ్గు వేసింది.

ఆ చిన్న వృత్తం తలసేమియా ఉన్న పాప. పుట్టిన కొన్ని నెలలకే పాలిపోయింది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తేనే బతుకు. ఖాలా కూతురు ఆ పాపను ఎత్తుకుని తెల్లవారుజామున బస్సెక్కేది, పట్నంలో రక్తం ఎక్కించుకుని రాత్రికి ఇల్లు చేరేది. ఒక ఆసుపత్రిలో డాక్టరు చీటీ మీది పేరు చూసి, "మీవాళ్లంతా దగ్గరి సంబంధాలే చేసుకుంటారు కదా, ఇంతే మరి" అన్నాడు. అంతటితో ఆయన చెప్పవలసింది అయిపోయింది. ఇంటికొస్తే అత్తగారు, "కోడలి రక్తం మంచిది కాదు" అన్నారు. ఆ అత్తగారు ఎవరనుకున్నారు? ఆ కోడలికి స్వయానా ఫూఫీ. తన అన్న రక్తాన్నే ఆమె చెడ్డదన్నది!

శాస్త్రం ఏమంటుందో చూద్దాం. దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తలసేమియా వంటి జబ్బుల్లో ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, అతన్ని వాహకుడంటాం. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైనప్పుడే బిడ్డకు రెండు చెడిన ప్రతులు చేరే అవకాశం ఉంటుంది. అంటే ఈ జబ్బు ఒక్క తల్లి వల్ల రాదు, ఒక్క తండ్రి వల్లా రాదు. కోడలి మీద నింద వేయడానికి శాస్త్రంలో చోటే లేదు.

ఇక తరగతి సంగతి. అందరి పటాలూ గోడకు అంటించారు. నా పటం ఒక్కటే అలా ఉంటుందనుకున్నాను. చూస్తే గోడ నిండా రెండు గీతలే. ఒక సహాధ్యాయిని తల్లి తన సొంత మేనమామను పెళ్లాడింది. మరొకరి ఇంట్లో మూడు తరాలు మేనరికాలే. వారెవరూ ముస్లింలు కారు. తెలుగునాట మేనరికం చాలా కులాల ఆచారం. దక్షిణాది రాష్ట్రాల్లో దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు కూడా చూపుతున్నాయి. ఆ రోజు మాస్టారు నల్లబల్ల మీద లెక్క కట్టి చూపించారు. చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, పిన్ని పిల్లల మధ్య పెళ్లి జరిగితే, వారి బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1 వంతు. మేనమామ, మేనకోడలు పెళ్లయితే అది 8లో 1 వంతు, అంటే రెట్టింపు. మన ఆచారంలో మేనమామతో పెళ్లి నిషిద్ధం. ఇందులో మనం గర్వపడవలసిందేమీ లేదు. ఎవరినీ వేలెత్తి చూపడానికీ నేనీ మాట చెప్పడం లేదు. ఒక ప్రాంతమంతా పాటించే ఆచారాన్ని ఒక మతం నెత్తిన రుద్దడం శాస్త్రం కాదని మాత్రం చెబుతున్నాను.

అలాగని ప్రమాదమే లేదని చెబితే మీకు అబద్ధం చెప్పినదాన్నవుతాను. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫోర్డ్ నగరంలో వేలాది శిశువులను పరిశీలించిన అధ్యయనం 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అక్కడి పాకిస్తానీ కుటుంబాల్లో దగ్గరి సంబంధం వల్ల పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం సుమారు 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగిందని అది తేల్చింది. ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చదవాలి. ప్రమాదం రెట్టింపు అయింది, అది నిజం. అలా పెళ్లాడిన వందమందిలో తొంభై నలుగురి బిడ్డలు ఆరోగ్యంగా పుట్టారు, అదీ నిజమే. మొదటి సగం మాత్రమే చదివేవారు మనల్ని అవమానిస్తారు. రెండో సగం మాత్రమే చదివేవారు మన బిడ్డలకు అన్యాయం చేస్తారు. రెండు సగాలూ చదివి ఇంటివారికి వారి భాషలో చెప్పగల మనిషి మన మధ్య ఉండాలి.

దగ్గరి పెళ్లి ఒక్కటే కారణం అనుకోవడమూ పొరపాటే. తరతరాలుగా ఒకే కులంలో, ఒకే బిరాదరీలో పెళ్లిళ్లు జరిగితే, వధూవరులకు తెలిసిన చుట్టరికం లేకపోయినా పూర్వీకులు ఒకరే కావచ్చు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, ఆయన సహచరులు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దక్షిణాసియాలోని రెండు వందల అరవైకి పైగా సమూహాలను వారు పరిశీలించారు. వాటిలో 81 సమూహాలకు మూలపురుషులు అతి కొద్దిమందేనని, ఈ విషయంలో ఫిన్లాండ్ ప్రజలను, అష్కెనాజీ యూదులను కూడా అవి మించిపోయాయని కనుగొన్నారు. మన తెలుగు రాష్ట్రాల వైశ్యుల ఉదాహరణ అందులో ఉంది. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వారిలో కొందరికి త్వరగా విరగదు. కారణం ఒక జన్యు మార్పు. ఆ సంగతి తెలిసిన వైద్యుడు ముందే అడిగి మందు మారుస్తాడు, ప్రాణాపాయం తప్పుతుంది. ఆ సమాజానికి ఇందులో అవమానం ఏమీ లేదు. తన శరీరం గురించి తనకు తెలియడం ఒక రక్షణ. మరి మన దూదేకులవారిలో, ఖురేషీలలో, షేక్, సయ్యద్ కుటుంబాల్లో అలాంటి మార్పులు ఏవైనా ఉన్నాయా? ఈ ప్రశ్న వేయవలసింది, జవాబు వెతకవలసింది ఈ హాలులో కూర్చున్న పిల్లలే.

నల్లగొండలో నిలబడి ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఉండలేను. ఒక ఇంట్లో తాతకు నడుము వంగింది, తండ్రికి మోకాళ్లు బిగిశాయి, మనవడికి పళ్లు గారపట్టాయి. మూడు తరాలు వరసగా చూస్తే ఎవరైనా ఏమంటారు? వంశంలో ఉందంటారు. ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు కూడా తప్పిపోతాయి. కానీ అది వంశంలో లేదు, బావి నీళ్లలో ఉంది. హైదరాబాద్ వైద్యుడు డాక్టర్ ఎ. హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసాన్ని 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. మన జిల్లా రోగుల బాధ ప్రపంచ వైద్య సాహిత్యంలోకి అలా ఎక్కింది. తరువాత పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి లోకమంతటా ఉన్న పేరు నల్లగొండ పద్ధతి. జన్యుశాస్త్ర విద్యార్థి నేర్చుకునే మొదటి పాఠం ఇదే. కుటుంబంలో నడిచే ప్రతి జబ్బూ వంశపారంపర్యం కాదు. జబ్బు రక్తంలో ఉందా, నీళ్లలో ఉందా, పేదరికంలో ఉందా అని విడదీసి చూపడమే ఆ విద్య. నీళ్లలో ఉన్న దాన్ని రక్తానికి అంటగడితే ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పుకుంటుంది. రక్తంలో ఉన్న దాన్ని తలరాతకు అంటగడితే మనం తప్పుకుంటాం.

నేను తప్పుకున్న సంగతి కూడా చెప్పాలి. ఖాలా కూతురు రెండోసారి గర్భవతి అయింది. ఇంట్లో అందరూ ధైర్యంగానే ఉన్నారు. "నలుగురిలో ఒకరికి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఒకరికి వచ్చేసింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అనుకున్నారు. అది తప్పుడు లెక్కని నాకు తెలుసు. నాలుగింట ఒకటి అన్నది ప్రతి కాన్పుకూ కొత్తగా వేసే లెక్క. పాచిక ఒకసారి ఆరు పడిందని తర్వాతిసారి ఆరు పడకుండా ఉండదు. నాకు తెలిసీ నేను నోరు విప్పలేదు. పెళ్లికాని పిల్ల పెద్దల ముందు గర్భం గురించి మాట్లాడటమా అని భయపడ్డాను. బాబు పుట్టాడు. వాడికీ అదే జబ్బు. నా పటంలో నల్ల వృత్తం పక్కన ఒక నల్ల చతురస్రం చేరింది. పాప పద్నాలుగో ఏట వెళ్లిపోయింది. ఎక్కించిన రక్తంతో పాటు చేరిన ఇనుము గుండెలో పేరుకుపోయింది. దాన్ని తొలగించే మందు క్రమం తప్పకుండా కొనే స్తోమత వారికి లేకపోయింది. ఆ డాక్టరు ఒక్క మాటతో పంపేశాడు. నేను ఆ ఒక్క మాట కూడా చెప్పలేదు. ఈ సభలో నేను మాట్లాడుతున్నది ఆ మౌనానికి బదులుగానే.

నేటి తల్లిదండ్రులకు ఆ గతి పట్టనవసరం లేదు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో తలసేమియా వాహకులను గుర్తించవచ్చు. దాని విలువ 3.5 శాతం దాటితే డాక్టరుతో తప్పక మాట్లాడాలి. ఒంట్లో ఇనుము లోపం ఉంటే ఫలితం కప్పిపడవచ్చు కాబట్టి అదీ చూపించుకోవాలి. హైదరాబాద్‌లోని తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది. మహబూబ్‌నగర్ జిల్లా గర్భిణులకు ఈ పరీక్ష చేసే కార్యక్రమాన్నీ చేపట్టింది. సంబంధం ఖాయం చేసుకునే ముందే ఈ పరీక్ష చేయించుకుంటే మరీ మంచిది. ఇది మన మతానికి విరుద్ధమేమో అన్న సందేహం అక్కర్లేదు. ఇరాన్‌లో 1997 నుంచి పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష ఉంది. సౌదీ అరేబియాలో 2004 నుంచి తలసేమియా, సికిల్ సెల్ పరీక్షలు తప్పనిసరి. ఫలితం చూసుకున్నాక పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది అక్కడ వధూవరుల ఇష్టం.

ఇద్దరూ వాహకులై, గర్భం నిలిస్తే, 10 నుంచి 12 వారాల మధ్య పిండానికి జబ్బు ఉందో లేదో పరీక్షించే వీలుంది. ఆ తర్వాతి నిర్ణయం ఆ దంపతులది. పిండానికి తీవ్రమైన, నయంకాని లోపం ఉందని వైద్యులు నిర్ధారిస్తే 120 రోజుల లోపు గర్భస్రావానికి అనుమతి ఉందని మక్కాలోని ఫిఖ్ మండలి 1990లోనే అభిప్రాయపడింది. వద్దనుకునేవారూ ఉంటారు. వారి నిర్ణయాన్నీ గౌరవించాలి. నేను కోరేది ఒక్కటే, ఆ నిర్ణయం తెలిసి తీసుకోవాలి.

ఇప్పటికే జబ్బుతో ఉన్న బిడ్డలకు హక్కులున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను వైకల్యాల జాబితాలో చేర్చింది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీల జంట కేంద్రం ఒకటి. ఈ ధ్రువపత్రం, ఈ కేంద్రం గురించి తెలియక ఎన్ని ఇళ్లు అప్పుల పాలయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలతో మాట్లాడతాను. బీఎస్సీలో జీవశాస్త్రం చదివిన మీకు ఈ దారి తెరిచే ఉంది. తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశాలకు సీపీగెట్ రాయాలి. పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాలు వచ్చాక పీజీ చదువు మన జిల్లాల గడప దగ్గరికి వచ్చింది. జన్యుశాస్త్రాన్నే ప్రత్యేకంగా చదవదలిస్తే ఉస్మానియాలో ఆ విభాగం ఉంది. బేగంపేటలో జన్యువ్యాధుల కోసమే ఉస్మానియాకు ఒక సంస్థ, ఆసుపత్రి ఉన్నాయి. రెండేళ్ల చదువులో క్రోమోజోములను చూడటం, డీఎన్ఏను వేరుచేసి చదవడం, వంశపటం గీయడం, గణాంకాలు నేర్చుకోవడం ఉంటాయి. లెక్కలంటే భయపడకండి, ఈ శాస్త్రంలో సగం లెక్కే. తర్వాత సీఎస్ఐఆర్ యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్ఎఫ్ సాధిస్తే పరిశోధనకు నెలకు 37 వేల రూపాయలు ఇస్తారు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి సంస్థలు ఇక్కడికి రెండు మూడు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి. ఎంబీబీఎస్ దారిలో వెళ్లేవారు ఎండీ తర్వాత మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం చేయవచ్చు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీసీ ఈ వర్గానికి 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. ధ్రువపత్రం లేదన్న కారణంతో సీటు పోగొట్టుకోకండి, ఇవాళే తీసి పెట్టుకోండి.

మనవాళ్లు ఈ గడప తొక్కలేదని అనుకోకండి. సీడీఎఫ్‌డీకి 1999లో సంచాలకుడైన సయ్యద్ ఎహ్తెషామ్ హస్నైన్ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఎల్బీనగర్‌లోని కామినేని ఆసుపత్రి జన్యుశాస్త్ర విభాగం నుంచి డాక్టర్ ఖుర్రతుల్ ఐన్ హసన్ ఎన్నో పరిశోధనలు వెలువరించారు. మనం పట్నం పోయే రోడ్డు మీదే ఉంది ఆ ఆసుపత్రి. ఒకప్పుడు వైద్యశాస్త్రాన్ని ఉర్దూలోకి తర్జుమా చేసుకుని బోధించిన విశ్వవిద్యాలయం మన ఉస్మానియా. శాస్త్రం మన భాషలోకి రాదన్న మాట మనం నమ్మనక్కర్లేదు.

అయినా మన సంఖ్య ఎంత? దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు పాతికమందిలో ఒకరు, పీజీ విద్యార్థులు యాభైమందిలో ఒకరు మాత్రమే ముస్లింలని సచార్ కమిటీ 2006లో లెక్క చెప్పింది. డిగ్రీ నుంచి పీజీకి వచ్చేసరికి మన వాటా సగానికి పడిపోయింది. ఆ నివేదిక తర్వాత వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఆపేసింది. పరిశోధన మెట్టు ఎక్కబోతున్న పిల్లల కాళ్ల కింది రాయి లాగేసినట్టయింది. దాని పునరుద్ధరణ కోసం అడుగుతూనే ఉండాలి. మన రాష్ట్రంలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల నుంచి ఇప్పుడు ఇంటర్ దాటి పిల్లలు వస్తున్నారు. వారిని ఎమ్మెస్సీ దాకా నడిపించే హాస్టళ్లు, ప్రవేశపరీక్షల శిక్షణ జిల్లా కేంద్రాల్లోనే కావాలని మనం అడగాలి.

మరొక హక్కు గురించి కూడా హెచ్చరిస్తాను. దేశంలో పదివేల మంది జన్యుపటాలు చదివే పని జరిగింది, ఇంకా జరుగుతుంది. రేపు మీ బస్తీకీ రక్తనమూనాల కోసం ఎవరో వస్తారు. ఇవ్వకండని నేను అనను. కానీ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎందుకు తీసుకుంటున్నారో మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, మీ సమ్మతి తీసుకోవాలి, వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకునే స్వేచ్ఛ మీకుంటుంది. ఆ ప్రశ్నలు అడగడం తెలిసిన పిల్ల మీ వీధిలో ఒక్కతె ఉన్నా చాలు. సిరంజి ఒక వైపు మనవాళ్లే ఎప్పుడూ కూర్చోవాలా? సూక్ష్మదర్శిని వెనుక కూడా మనవాళ్లు కూర్చోవాలి.

తల్లులారా, చివరి మాట మీతో. ఆడపిల్లకు డిగ్రీ అయిపోయింది, ఇక సంబంధం చూడాలి అంటారు. చూడండి, కాదనను. కానీ గర్భం గురించి, కాన్పు గురించి, కోడలిపై వేసే నింద గురించి ఇంటి లోపలికి వచ్చి, మీ పక్కన కూర్చుని, ఉర్దూలోనో తెలుగులోనో చెప్పగలిగేది ఎవరు? మీ కూతురే. ఆ రెండేళ్ల చదువు ఆమెకు ఇవ్వండి. నేను పెళ్లికాని పిల్లనని నోరు మూసుకున్నాను. చదువుకున్న మీ పిల్ల మాట్లాడబోతే మీరు మూయించకండి.

నా పాత వంశపటం ఇంకా నా దగ్గరే ఉంది. ఖాలా కూతురి కొడుక్కి ఇప్పుడు మందు క్రమంగా అందుతోంది. పెళ్లీడుకు వచ్చాడు. క్రిందటేడు ఒక సంబంధం వచ్చినప్పుడు అమ్మాయి వాళ్లు అడక్కముందే వాడే చెప్పాడు, "ముందు అమ్మాయికి రక్తపరీక్ష చేయించండి, తర్వాత మాట్లాడుకుందాం" అని. పరీక్ష చేయించారు. ఆ అమ్మాయి వాహకురాలు కాదు. వారి బిడ్డలు వాహకులవుతారు తప్ప వారికి ఆ జబ్బు రాదు. నికాహ్ అయ్యింది. ఇంటికొచ్చి పటం తీసి, ఆ నల్ల చతురస్రం పక్కన కొత్తగా ఒక వృత్తం చేర్చి, వారిద్దరినీ కలుపుతూ గీత గీశాను. ఒక్క గీతే. ఆ గీత అలాగే గీయాలని ఎవరూ శాసించలేదు. వారు తెలుసుకుని నిర్ణయించుకున్నారు, అంతే.